కుడికాలు

పీలేరు దాటినాక రాళ్ళమీది అంకెలన్నీ
నాకు తెలిసినవే.
ఇరవై రెండేళ్ళు వాటిని గేర్లతో లెక్కపెట్టినాను.
ఇక్కడ నాలుగు, ఆ కల్వర్టు దగ్గర మూడు,
చింతచెట్ల వరసలో హారను కొట్టకపోతే
ఎనుములు కదలవు.
కాళ్ళతో ఇదే మొదలు.
లారీలో పది నిమిషాల దూరానికి
ఇన్ని ఇండ్లున్నాయని,
ఒక్కో కుక్కకు ఒక్కో గొంతుందని
నాకెవరు చెప్పొచ్చినారు?

తనకల్లులో పదకొండు మందిమి బయల్దేరినాం.
ఇది ఆరో దినం.
ముందర కొండయ్య గోవింద నామం ఎత్తుకుంటే
వెనక పది గొంతులు అందుకోవాల.
తొమ్మిదే అందుకుంటాయి.
ఓబుళమ్మ పలకదు.
చంకలో పసుపుగుడ్డ మూట, తలమీద మడిచిన దుప్పటి,
ఎప్పుడూ నాకు ఇరవై అడుగులు ముందే నడుస్తుంది,
నా నీడ తనమీద పడకుండా.

రాత్రి పీలేరులో, కల్యాణమండపం వసారాలో
అందరూ కాళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటుంటే
నా కుడికాలు చూసుకున్నాను.
బొటనవేలి మీద బొబ్బ, ఉడికిన టమేటా మాదిరి.
ఎడమకాలికి ఏమీ లేదు.
ఒకే దారి నడిచిన రెండు కాళ్ళల్లో
ఒకదానికే ఎందుకని అడిగితే
ఎవరన్నా నవ్వుతారు. అడగలేదు.

భాకరాపేట దాటితే ఘాటు.
పొద్దింకా కొండకు అవతలే ఉంది.
నడిచేవాళ్ళకు ఎక్కుడు కంటే దిగుడే కష్టం.
లారీకి గూడా.
ఆ మలుపులో కొత్త ఇనుప కంచె వేసినారు,
తెలుపూ ఎరుపూ రంగు.
కింద బండల సందుల్లో, నమ్మితే నమ్మండి,
టమేటా చెట్లు మొలిచినాయి.
ఎవరూ నాటనివి. కాయలు గూడా ఉన్నాయి.

ఓబుళమ్మ ఆగింది.
ఇదే చోటని ఆమెకెవరూ చెప్పలేదు.
కంచె పట్టుకొని కూచుంది.
చాలాసేపటికి, నా మొహం చూడకుండా,
"ఏమంటా ఉన్న్యాడు అప్పుడు?" అనింది.

పోలీసులు బ్రేకు గురించి అడిగినారు.
ఓనరు లోడు గురించి అడిగినాడు.
ఇది ఎవరూ అడగలేదు.

"రంగంపేటలో టీ తాగుదామన్నాడు, అమ్మా.
అల్లం టీ. బన్ను గూడా.
నువ్వు నాకు ఇరవై రూపాయలు బాకీ కదన్నా, అన్నాడు."
అంతే. గంగులప్ప దేవుని పేరు ఎత్తలేదు,
నా పేరూ ఎత్తలేదు.
నేను బ్రేకు మీద నిలబడి ఉన్నాను,
కాలికింద ఏమీ లేదు,
దూది మూటను తొక్కినట్టు.

ఆమె తల ఊపింది. లేచింది.

రంగంపేటలో అంగడి ముందర
కొంగుముడి విప్పి, నాణేలు ఎంచి,
మూడు టీలు చెప్పింది, ఒక బన్ను.
ఒకటి తను తాగింది. ఒకటి నా వైపు జరిపింది.
మూడోదాని ఆవిరి పోయేదాకా ఇద్దరం చూసినాం.
అంగడాయన గ్లాసు తీయబోతే
"ఉండనీప్పా" అనింది.
నేను ఇరవై రూపాయల నోటు తీసి
బల్లమీద గ్లాసు కింద పెట్టినాను.
బన్ను మాత్రం కుక్క తినేసింది. మంచి కుక్క.

మంగాపురం దాటి శ్రీవారి మెట్టు చేరేటప్పటికి
మూడో జాము.
రెండువేల పైచిలుకు మెట్లు.
ఓబుళమ్మ మూట విప్పింది. పసుపు, కుంకుమ, ఒక పాత చొక్కా.
చొక్కా మళ్ళీ లోపల పెట్టింది.
మెట్టుకొక పసుపు గీత, గీతమీద బొట్టు,
నడుం పట్టుకొని లేవడం, మళ్ళీ వంగడం.
మామధ్య ఇరవై అడుగులు ఇప్పుడు లేవు.
ఆమెకంటే ఒక్క మెట్టు ముందర నేను.

నలభయ్యో మెట్టు కాబోలు, ఊపిరి కోసం ఆగినాను.
ఆమె చెయ్యి ఒక పక్కనుంచి రాసుకుంటా వస్తా ఉంది.
కాలు తియ్యి అనలేదు.
చెయ్యీ ఆగలేదు.
రాయిమీద మొదలైన గీత
నా వేళ్ళ మీదుగా, బొబ్బ మీదుగా పోయి
మళ్ళీ రాయిమీదికి దిగింది.
మండింది.

పైనుంచి కొండయ్య గోవిందా అన్నాడు.
నాకు గొంతు రాలేదు.
ఆమె అప్పటికే
తర్వాతి మెట్టు మీద వంగి ఉంది.